ట్యూనర్‌లో అన్నీ పచ్చలైట్లే, వీణ మాత్రం కలవడం లే

రెండున్నర_కర్నూలు
సరస్వతీ వీణ. శ్రుతి రెండున్నర కట్టె, అంటే డి షార్ప్. క్లిప్ ట్యూనర్ తగిలించి నాలుగు వాయించే తీగలు, మూడు తాళం తీగలు ఒకటొకటిగా కలిపినా. ఏడింటికీ ముల్లు నడిమధ్యనే నిలబడతాంది, పచ్చలైటు వెలుగుతాంది. తర్వాత ఎలక్ట్రానిక్ తంబుర పెట్టెను రెండున్నరలో పెట్టి మీటితే ఏదీ దాంతో కలవదు. సారణి (మొదటి తీగ, స), పంచమం (రెండో తీగ, ప) రెండూ కలిపి మీటినా లోపల అల లేస్తా పడతా ఉంటుంది. మధ్యాహ్నం కూలర్ వేసినాక ఇంగ అడగాకండి. ట్యూనర్ చవకది కాబట్టి ఇట్లయితాందా, వీణలోనే ఏమన్నా ఉందా? కొత్తది కొనమంటే కొంటా, కానీ ముందు కారణం తెలియాల.

సీమ_శ్రుతి
కొనొద్దు. ముందు రెండు చూడు. ట్యూనర్ తెర మీద ఒక మూల 440 (ఏ అనే స్వరానికి హెర్ట్జ్ లెక్క) అని ఉండాల. ఆ బటన్ మీద వేలు పడితే 438కో 445కో పోతాది, ఏడు తీగలూ వాటిలో అవి బాగానే కలిసి, బయట దేంతోనూ కలవవు. రెండోది, అదే ట్యూనర్‌ను మైక్ మోడ్‌లో తంబుర పెట్టె ముందర పెట్టు. పెట్టెలో స మోగేటప్పుడు ముల్లు యాడుందో చెప్పు.

ఫిడేలు_ప్రొద్దుటూరు
సారణికీ పంచమానికీ మధ్య అల వేరే సంగతి. అందులో ట్యూనర్ తప్పూ లేదు, వీణ తప్పూ లేదు. ట్యూనర్ ఒక స్థాయిని (స నుంచి పై స దాకా) 12 సమాన భాగాలు చేస్తాది, ఒక్కో భాగం 100 సెంట్లు. దాని లెక్కలో స నుంచి ప సరిగ్గా 700. చెవికి కలిసే ప 3:2 నిష్పత్తిది, అది 702 దగ్గర ఉంటుంది.

రెండు సెంట్లే కదా అనుకోవద్దు. డి షార్ప్ సారణి 155.56 హెర్ట్జ్. పచ్చలైటు వచ్చిన పంచమం తీగ 116.54. సారణి మూడో హార్మోనిక్ (తీగ అసలు స్వరంతో పాటు పలికే మూడు రెట్ల పై స్వరం) 466.69, పంచమం నాలుగో హార్మోనిక్ 466.16. తేడా అర హెర్ట్జ్ పైచిలుకు, అంటే రెండు సెకన్లకు ఒక అల. వీణ తీగ మీటినాక నాలుగైదు సెకన్లు మోగుతాది కాబట్టి ఆ అల బాగా తెలుస్తాది. పంచమాన్ని 116.67కు పెంచు, అంటే ముల్లు నడిమి గీత నుంచి రెండు సెంట్లు కుడికి. అల ఆగిపోతాది.

గిటార్_గుంతకల్
రెండు సెంట్లకు ఇంత పంచాయితీనా. మా గిటార్ల్లో ఒక వేలు గట్టిగా నొక్కితేనే పది సెంట్లు పోతాది.

ఫిడేలు_ప్రొద్దుటూరు
అందుకే గిటార్లు అట్ల పలుకుతాయి.

గిటార్_గుంతకల్
😀 రాసి పెట్టుకుంటా సార్.

రెండున్నర_కర్నూలు
చూసినా. ట్యూనర్‌లో 440 సరిగ్గానే ఉంది. తంబుర పెట్టె దగ్గర పెడితే డి షార్ప్ చూపించి ముల్లు కుడికి 8 దగ్గర నిలబడతాంది. పెట్టె మీద గుండీ అయితే రెండున్నర గుర్తు మీదనే ఉంది.

సీమ_శ్రుతి
దొరికింది కదా. పెట్టె మీద కట్టెల గుర్తు ఉజ్జాయింపుకే. పక్కన సన్న సర్దుబాటు గుండీ ఒకటి ఉంటుంది, అది ఎవరో తిప్పింటారు. రెండు దార్లున్నాయి. ఒంటరిగా సాధన చేసేటప్పుడు పెట్టె సన్న గుండీని దించి ముల్లును సున్నాకు తెచ్చుకో, ట్యూనర్ 440లోనే ఉండనీ. కచేరీలో ఫ్లూటో హార్మోనియమో ఉండి శ్రుతి వాళ్ల చేతిలో ఉంటే ట్యూనర్‌నే జరుపు. 440 దగ్గర ఒక హెర్ట్జ్ అంటే నాలుగు సెంట్లకు రోంత తక్కువ. 8 సెంట్లు అంటే రెండు హెర్ట్జ్. ట్యూనర్‌ను 442కు పెట్టి మొత్తం మళ్లీ కలుపు, పచ్చలైటు అప్పుడు నిజం చెప్తాది.

చెవి_చాలు_కడప
ఏందప్పా ఇది, 466.69, 116.54. శ్రుతి కలపడమా, కరెంటు బిల్లా? తంబుర పెట్టుకో, స కలుపు, స మీద ప కలుపు, అయిపాయ. లైటు చూసి బిరడ (తీగ చుట్టి బిగించేది) తిప్పడం అలవాటైన పిల్లలకు అపశ్రుతి చెవికి తెలియడం లేదు. తీగ దిగిపోయినా లైటు పచ్చగా ఉందని వాయిస్తానే ఉంటారు.

తిరునాళ్ల_మైక్
తంబుర వినపడే చోట మీరు చెప్పిందే సరి. తిరునాళ్లలో పక్క పందిట్లో డోలు, ఇటు పక్క జనరేటర్. వేదికెక్కినాక మనకు రెండు నిమిషాలే. అక్కడ తీగ శబ్దం మన చెవికే చేరదు. క్లిప్ ట్యూనర్ గాలిలో శబ్దం కాదు, కర్రలో అదురు పట్టుకుంటాది. అది లేకపోతే వేదిక మీద పని కాదు.

చెవి_చాలు_కడప
వేదిక మీద సరే. ఇంట్లో సాధనకు దేనికి?

అనంత_గాత్రం
నేర్చుకునేవాళ్లకు స ఒక్కటి యంత్రంతో పట్టుకుని మిగతావి చెవితో కలపమంటే ఇద్దరి మాటా నిలుస్తుంది. మొదటి ఏడాది పిల్లలకు అసలు స ఎక్కడుందో తెలియదు. అరకట్టె పైన కలిపితే సారణి తెగినా తెగుతుంది.

చెవి_చాలు_కడప
స ఒక్కటి ఇస్తా. ప ఇయ్యను.

ఫిడేలు_ప్రొద్దుటూరు
ప మీరు ఇయ్యకపోవడమే మంచిది, ట్యూనర్ పెట్టే ప ఎట్లాగూ రెండు సెంట్లు తక్కువ.

మైనం_మెట్టు
వీణకు క్లిప్ ట్యూనర్ వాడే పద్ధతి ఒకచోట రాస్తా, అడిగేవాళ్లు శానామంది ఉన్నారు.

ముందు మోడ్. గిటార్ మోడ్ పనికిరాదు, క్రొమాటిక్ (12 స్వరాలూ చదివేది) పెట్టాల. గిటార్ మోడ్‌కు ఆరు తీగల స్వరాలే తెలుసు. డి షార్ప్‌ను అది పెరిగిపోయిన డి అనుకుని దించమంటాది, నువ్వు దించుతా పోతావు.

క్లిప్ యాళి (వీణ కొసన చెక్కిన మృగం తల) మీద పెట్టొద్దు. చెక్కడం సన్నంగా ఉంటుంది, రంగు లేస్తాది. బిరడల పెట్టె అంచు మీద గానీ, ఇప్పుడు తిప్పని బిరడ తల మీద గానీ పెట్టు. తిప్పే బిరడ మీదనే పెడితే తెర కూడా తిరిగిపోతాది. వాయించినాక తీసెయ్, ఎండాకాలంలో ఆ రబ్బరు పాలిష్‌కు అంటుకుని మరక పడతాది.

కలపడానికి ముందే లంగర్ల (కుండ వైపు తీగ కొసలు పట్టుకునే కమ్మీలు) మీద సన్న సర్దుబాటు పూసలను వాటి దారిలో నడిమికి తెచ్చుకో. ఒక కొసన ఉంటే ఒక్క వైపే జరుగుతాయి, చివర్లో రెండు సెంట్లు కావాల్సొచ్చినప్పుడు మళ్లీ బిరడ తిప్పాల్సొస్తాది. బిరడతో రెండు సెంట్లు తెచ్చేవాడు ఇంతవరకు పుట్టలేదు.

తాళం తీగల కింద చేతిరుమాలు దూర్చు. సారణి మీటితే తాళం స కూడా ఊరికే పలుకుతాది, ట్యూనర్‌కు ఏది ఎవరిదో తెలియక ముల్లు ఊగుతాది. వాయించే తీగలు నాలుగూ అయినాక రుమాలు తీసి తాళం తీగలు కలుపు.

వరస: సారణి, తర్వాత మంద్ర స (మూడో తీగ), తర్వాత పంచమం, అనుమంద్రం (నాలుగో తీగ, కింది ప), చివర తాళం స, ప, పై స. అయినాక సారణికి మళ్లీ రా. ఏడు తీగల బిగువు మారినప్పుడు కుండ పలక రోంత కుంగుతాది, మొదట కలిపింది దిగింటుంది. రెండో విడత తప్పదు, ఒక్కోసారి మూడోది కూడా.

మీటేది మెల్లగా. గట్టిగా మీటితే తీగ మొదట పైకి పోయి తర్వాత దిగుతాది, ముల్లు కుడికి దూకి వెనక్కొస్తాది. దూకిన చోటు లెక్క కాదు, అర సెకను ఆగి నిలబడిన చోటు చూడు. ఎప్పుడూ కిందనుంచి పైకే రావాల. పెరిగిపోయిందనుకో, స్వరం కిందికి బాగా దించి మళ్లీ ఎక్కించు. పైనుంచి దించి ఆపితే తీగ యాడో ఒకచోట పట్టుకుని, నాలుగు గమకాలు లాగగానే జారిపోతాది.

ఆఖరికి ట్యూనర్ ఆపేసి చూసుకునేది ఇది. పంచమం తీగను 5వ మెట్టు మీద నొక్కితే ఊరికే మీటిన సారణితో కలవాల. మంద్రం 7వ మెట్టు ఊరికే మీటిన పంచమంతో, అనుమంద్రం 5వ మెట్టు మంద్ర సతో కలవాల. మూడూ కలిస్తే చేతులు దులుపుకో.

అనంత_గాత్రం
ఇది పిల్లలకు అచ్చు తీసి ఇస్తా, మైనం అన్నా. లంగరు పూసల సంగతి ఎవ్వరూ చెప్పరు.

రెండున్నర_కర్నూలు
అన్నా, అనుమంద్రం దగ్గర ఒక తిరకాసు ఉంది. అది ఏ షార్ప్ కదా. మీటితే ట్యూనర్ ఒకసారి ఏ షార్ప్ అంటాది, ఒకసారి ఎఫ్ అంటాది. ఫోన్ యాప్ అయితే ఎఫ్ తప్ప ఇంకోటి చెప్పదు.

మైనం_మెట్టు
ఎఫ్ అంటే ఏ షార్ప్‌కు మూడో హార్మోనిక్. ఆ తీగ అసలు స్వరం 58 హెర్ట్జ్. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, అంత కింది శబ్దం సరిగ్గా పట్టదు. దానికి వినపడే వాటిల్లో గట్టిది 175 దగ్గరి ఎఫ్, అదే చెప్తాది.

మీటే చోటు మార్చు. 7వ మెట్టుకు ఎదురుగా మీటు, అది తీగ పొడవులో సరిగ్గా మూడో వంతు. మూడో హార్మోనిక్ అక్కడ కదలకుండా ఉండాలి, నువ్వు అక్కడే కదిలిస్తే అది పుట్టదు. గోటితో కాదు, వేలి మెత్తతో. అప్పటికీ మాట వినకపోతే 12వ మెట్టు పైన వేలు ఊరికే ఆనించి మీటి వేలు తీసెయ్. ఒక స్థాయి పైన, 116.5 దగ్గర పలుకుతాది, దాన్ని ఏ ట్యూనరైనా చదువుతాది.

గిటార్_గుంతకల్
ఈ ఒక్క పోస్టుకే ఈ చర్చ చదివినందుకు గిట్టుబాటయింది. మా ఆరో తీగ ఇ 82.4 హెర్ట్జ్, ఫోన్లో అప్పుడప్పుడు బి చూపిస్తాది. కారణం ఇదే అన్నమాట.

సీమ_శ్రుతి
అదే. ఇంకో విచిత్రం ఉంది. ఫోన్ యాప్ తెరిచి ఏమీ మీటకుండానే జి చూపిస్తాంది, ముల్లు కుడికి 35 దగ్గర నిలబడింది అనుకో. అది ఫ్యానో కూలరో. కరెంటు 50 హెర్ట్జ్‌ది, జి 49. మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ల రొద ఎక్కువగా 100 దగ్గర ఉంటుంది, పై జి 98, అక్కడా అదే 35. గదిలో మోటారు తిరిగేదేదైనా ఆపి చూడండి, జి మాయమైతాది.

రాత్రి_రైలు
కూలర్ జి శ్రుతిలో పాడుతుంది అన్నమాట. ఐదు కట్టె. మా ఇంట్లో ఆమె కూడా ఐదే.

అనంత_గాత్రం
ఆమెను 35 సెంట్లు పైన పాడమని చెప్పండి, కరెంటు పోయేదాకా కలుస్తుంది.

తంబుర_తాడిపత్రి
తంబుర గురించి ఎవ్వరూ మాట్లాడలేదు. జీవాళి దారాలు (గుర్రం, అంటే తీగలు ఆనే వంతెన మీద, తీగల కింద పెట్టేవి) పెట్టి ట్యూనర్‌తో కలపబోతే పిచ్చెక్కుతాది. దారం పెట్టేదే హార్మోనిక్‌లు లేవడానికి, అవి లేస్తే ట్యూనర్ ఏ స్వరమో తేల్చుకోలేదు. ఒకటో కట్టెలో మంద్ర స మీటితే తెర మీద సి వస్తాది, ఆ వెంటనే జి, తర్వాత ఇ, ముల్లు ఎడమకు 14 దగ్గర. ఆ ఇ తప్పు కాదు, అది తీగలో పుట్టే అంతర గాంధారం (పై గ). ఐదో హార్మోనిక్ 386 సెంట్ల దగ్గర ఉంటుంది, ట్యూనర్ లెక్క 400, అందుకే ఎడమకు 14.

పద్ధతి: దారాలు గుర్రం మీదనుంచి జరిపెయ్. తీగ మొద్దుగా పలుకుతాది, ట్యూనర్‌కు అదే కావాల. నడిమి రెండు స కలుపు, మంద్ర స కలుపు, ప మాత్రం రెండు సెంట్లు పైన పెట్టు. అప్పుడు దారాలు ఒకటొకటిగా వెనక్కి జరుపుకుంటా రా, తీగ ఝుమ్మని విచ్చుకున్న చోట ఆపు. దారం పెట్టినాక శ్రుతి రోంత కదులుతాది. ఆ రోంత పూసలతో, చెవితోనే. అక్కడ ట్యూనర్ తీసి జేబులో పెట్టుకోవాల.

చెవి_చాలు_కడప
అయ్యా, ఆ ఆఖరి మాట మళ్లీ ఒకసారి రాయండి.

హార్మోనియం_ఆదోని
భజన మందిరాలు, పద్యనాటకాల సంగతి వేరే. అక్కడ శ్రుతి పెట్టేది హార్మోనియం. దాని నాలుకలు (గాలికి అదిరి పలికే రేకులు) ఇత్తడివి, బిరడ లేదు తిప్పడానికి. పాత పెట్టె అయితే ఒక్కో మెట్టు ఒక్కో చోట ఉంటుంది, సి దగ్గర కుడికి 15, జి దగ్గర కుడికి 9, పై సి మళ్లీ 18. కాబట్టి ట్యూనర్ ముందర పెట్టి అన్ని మెట్లూ చదవాకండి, తల తిరుగుతాది. పాడేవాళ్ల స ఏ మెట్టు మీద ఉందో దాన్నొక్కటే నొక్కు. స్టాపులు ఒక వరసకే తెరువు, రెండు వరసలు తెరిస్తే ముల్లు ఊగుతాది. తిత్తి ఒకే మాదిరి వత్తు, బలంగా వత్తితే స్వరం రోంత మారుతాది. ముల్లు కుడికి 15 అనుకో, ట్యూనర్‌ను 444కు మార్చి వయొలిన్ కలుపుకోవాల. ప తీగను మాత్రం ఆ పెట్టె ప మెట్టుతో కాకుండా నీ స తీగతో కలుపు.

హార్మోనియం నాలుక ఆకురాయితో గీకి శ్రుతి సరిచేస్తామని కొందరు మొదలుపెడతారు. కొసన గీకితే స్వరం పెరుగుతాది, మొదట్లో గీకితే దిగుతాది, అంతే సూత్రం. కానీ ఒక గీత ఎక్కువైతే ఆ నాలుక పోయినట్టే. చేసేవాళ్ల దగ్గరికి పంపండి.

రాత్రి_రైలు
మా బృందంలో ఒకాయన ‘మూడున్నర పెట్టు’ అంటాడు. అది ఏ స్వరం?

హార్మోనియం_ఆదోని
మూడు అంటే ఇ, నాలుగు అంటే ఎఫ్. రెండింటి మధ్య నల్లమెట్టు లేనే లేదు. ఆయన్ని వచ్చి మెట్టు మీద వేలు పెట్టమను. నాలుగు మీద పెడతాడు చూడు.

ఫిడేలు_ప్రొద్దుటూరు
వయొలిన్‌కు రాస్తా. అంగడిలో ట్యూనర్‌లన్నిటిలో వయొలిన్ మోడ్ అంటే జి, డి, ఏ, ఇ. మనం స ప స ప కలుపుతాం కాబట్టి ఇక్కడా క్రొమాటికే. ఐదు కట్టె శ్రుతికి సులువు. లావు తీగ జి అట్లే స, డి అట్లే ప (రెండు సెంట్లు పైన). ఏ తీగను ఒక స్వరం దించి జి చెయ్యి, ఇ తీగను దించి డి చెయ్యి. ఒకటి, ఒకటిన్నర కట్టెలో పాడేవాళ్లకు ఇంకా దించాల్సొస్తాది, మామూలు తీగలు వదులై గరగరమంటాయి. అప్పుడు ట్యూనర్‌ను అనుమానించొద్దు, లావు తీగలు వేయించుకోవాల. వదులు తీగ మీద విల్లు రోంత బలంగా పడితేనే ముల్లు పదేసి సెంట్లు కదులుతాది.

క్లిప్ గుర్రం మీద పెట్టాకండి, శబ్దం నొక్కుకుపోతాది. బిరడల పెట్టె పక్కన పెట్టండి. విల్లుతో సన్నంగా, ఒకే బలంతో లాగుతా చదవాల, మీటితే చదివేలోపే ఆగిపోతాది.

నాలుగు తీగలు ఒకేసారి వదిలెయ్యడం మాత్రం చెయ్యొద్దు. లోపల నిలబెట్టిన ఊతపుల్ల పడిపోతాది, దాన్ని నిలబెట్టడానికి కొక్కెం, కన్ను రెండూ కావాల. ఒకటి తీసి ఒకటి వెయ్యి. బిగించే కొద్దీ గుర్రం తల వేళ్లు పెట్టే పలక వైపు వాలుతా వస్తాది, నాలుగు తిప్పులకొకసారి రెండు చేతులతో నిటారుగా సర్దు. వాలిన గుర్రంతో ఏ ట్యూనరూ పనిచెయ్యదు, పైస్థాయి స్వరాలన్నీ తప్పుతాయి.

అనంత_గాత్రం
మా దగ్గర మార్చి దాటితే వయొలిన్ బిరడలు నిలబడవు. కలిపి వదిలితే టక్కున తిరిగిపోతాయి.

ఫిడేలు_ప్రొద్దుటూరు
కర్ర ఎండి సన్నబడతాది. బిరడ బయటికి తీసి, రాపిడి గుర్తుల చోట బడి సుద్దముక్క రుద్ది పెట్టండి. తిప్పేటప్పుడు లోపలికి తోస్తా తిప్పాల, తిప్పి తర్వాత తోస్తే శ్రుతి పోతాది. వానాకాలంలో దీనికి తిరుగుడు, బిరడ బిగుసుకుని కదలదు. అప్పుడు ఒంటిసబ్బు పొడిది రోంత. నూనె మాత్రం వద్దు, ఏ కాలంలోనూ.

మైనం_మెట్టు
ఎండ మాట వచ్చింది కాబట్టి మొదటాయన కూలర్ సంగతి చెప్తా. 40 దాటిన గదిలో తీగలు వేడికి సాగి దిగి ఉంటాయి. నువ్వు అప్పుడు కలిపినావు. కూలర్ వెయ్యగానే తీగలు నిమిషాల్లో చల్లబడి బిగుస్తాయి, స్వరం పైకి పోతాది. కర్ర మాత్రం నిదానంగా తేమ తాగుతా గంటల తరబడి కదులుతానే ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు కలిపినా నిలవదు. కూలర్ గాలి నేరుగా వీణకు తగలనీకు, వాయించే గదిలో అరగంట ముందే పెట్టి అప్పుడు కలుపు.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు మైనం. మెట్లు నిలబెట్టింది మైనం మీద. ఎండలో నిలిపిన కారులో వీణ వదిలినావంటే మైనం మెత్తబడి, నొక్కిన మెట్లు కుంగుతాయి. ఒక మెట్టు కుంగితే దాని స్వరం వచ్చే చోట పక్క మెట్టుకు తీగ తగిలి జిర్రుమంటాది. అట్లాంటిదాన్ని ట్యూనర్‌తో సరిచెయ్యాలని చూడొద్దు.

ఏది తప్పిందో తెలుసుకునే గుర్తు: ఊరికే మీటిన సారణి సున్నాలో పెట్టి, 12వ మెట్టు మీద మెత్తగా నొక్కి చూడు. తర్వాత 5, 7 చూడు. ఒక్క మెట్టే తప్పి మిగతావి బాగుంటే ఆ మెట్టు కింద మైనం. పైకి పోయే కొద్దీ తప్పు పెరుగుతా ఉంటే గుర్రం జరిగిందేమో చూడు, లేదా తీగ పాతది.

సీమ_శ్రుతి
మెట్లు చూసేటప్పుడు అంతర గాంధారం మెట్టు 4వది. అక్కడ ముల్లు సున్నాలో లేదని మైనం కరగబెట్టాకండి. చెవితో మేళం కట్టినవాళ్లు (మైనం మీద మెట్లు అమర్చినవాళ్లు) దాన్ని 386 దగ్గర పెట్టింటారు, ట్యూనర్ ఎడమకు 14 చూపిస్తాది. కాకలి నిషాదం మెట్టు 11వది, అక్కడ ఎడమకు 12. చతుశ్రుతి రిషభం 2వ మెట్టు, కుడికి 4. ఇవి తప్పులు కావు.

గిటార్_గుంతకల్
మరి గిటార్ మెట్లన్నీ సమాన భాగాలే కదా, నేను కూడా ప రెండు సెంట్లు పైన పెట్టాలా?

సీమ_శ్రుతి
వద్దు. గిటార్లో తీగలు కార్డులకు (ఒకేసారి మీటే స్వరాల గుంపులకు) కలుపుతారు, ఒక కార్డులో బాగుపడితే ఇంకోదాంట్లో చెడుతాది. ట్యూనర్ చెప్పినట్టే సున్నాలో పెట్టు. మూడో తీగ జి, రెండో తీగ బి మధ్య నాలుగు మెట్ల దూరం, మిగతావన్నీ ఐదు. అక్కడ చెవితో తీయగా కలిపి బిని 14 దించేవాళ్లున్నారు, తర్వాత ఇ కార్డు పట్టుకుంటే తెలుస్తాది సంగతి. బిరడ తిప్పినప్పుడు టింగుమని ఎగిరి ముల్లు దూకుతా ఉంటే పైకొస గాడిలో తీగ పట్టుకుంటాంది. పెన్సిల్ ములుకు గాడిలో రుద్దు.

నాదయోగి_432
అసలు 440 మన ప్రకృతికి సరిపడదు. వేదకాలం నుంచి 432. ట్యూనర్‌లో 432 పెట్టుకుంటే మనసు ప్రశాంతంగా ఉంటుంది.

ఫిడేలు_ప్రొద్దుటూరు
432 పెడితే ఏడు తీగలూ కలిపి 32 సెంట్లు దిగుతాయి, అరకట్టెలో మూడో వంతు. అంతకుమించి ఏమీ జరగదు. మన శ్రుతి ఎప్పుడూ పాడేవాళ్ల గొంతును బట్టే. ఏ అనే స్వరానికి ఒక అంకె పెట్టాలనే అవసరమే మనకు లేదు. 440 కూడా 1939లో లండన్ సమావేశంలో వాళ్ల వాద్యబృందాల కోసం ఒప్పుకున్నది.

చెవి_చాలు_కడప
432 వాళ్లను చూసినాక ట్యూనర్ వాళ్లే నయమనిపిస్తాంది.

తిరునాళ్ల_మైక్
బ్యాటరీ గురించి ఒక మాట. క్లిప్‌లలో ఎక్కువగా సీఆర్ 2032 బిళ్ల. అది పోయే ముందు తెర మసకబడి ముల్లు ఆలస్యంగా కదులుతాది, తీగది తప్పనుకుంటాం. ట్యూనర్ పక్కన కవర్లో ఒక బిళ్ల ఎప్పుడూ ఉండాల. నెలల తరబడి వాడకపోతే బిళ్ల తీసిపెట్టండి.

రెండున్నర_కర్నూలు
చేసినా. పెట్టె సన్న గుండీ దించి సున్నాకు తెచ్చినా, స తీగలు ట్యూనర్‌తో, ప తీగలు చెవితో. కలిసింది. సారణి, పంచమం మధ్య అల లేదు. 7వ మెట్టు దగ్గర మీటితే అనుమంద్రం ఏ షార్ప్ చూపిస్తాంది. మిగిలింది ఒకటే: సారణి ఊరికే మీటితే సున్నా, 5వ మెట్టు కుడికి 5, 7వ మెట్టు కుడికి 8, 12వ మెట్టు కుడికి 14. గుర్రం కదిలిన గుర్తు లేదు.

మైనం_మెట్టు
12వ మెట్టు పైన వేలు ఆనించి మీటితే ఎంత చూపిస్తాంది?

రెండున్నర_కర్నూలు
ఆనిస్తే 6 కుడికి.

మైనం_మెట్టు
ఆనించినప్పుడు సున్నానో ఒకటో రావాల. అక్కడే 6 వచ్చిందంటే ఆ తీగ పొడవునా ఒకే మందం లేదు, మెట్లకు రాసుకుని నొక్కులు పడింటాయి. కింద వేలు పెట్టి తడుము, గాట్లు తగుల్తాయి. సారణి మార్చు. ఉన్న తీగ గేజే తీసుకో, లావు మార్చితే మళ్లీ మేళమంతా చూసుకోవాల.

రెండున్నర_కర్నూలు
3, 4, 5 మెట్ల దగ్గర గాట్లున్నాయి, గోటికే తగుల్తాన్నాయి. మార్చినాక ఎంతసేపటికి నిలబడతాది?

మైనం_మెట్టు
బిరడకు మూడు నాలుగు చుట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. కలిపి, నడుమ పట్టుకుని మెల్లగా పైకి లాగి వదులు, దిగుతాది, మళ్లీ కలుపు. లాగినా దిగని దాకా అట్లే. అప్పుడు ఒక రాత్రి వదిలెయ్. మర్నాడు 12వ మెట్టు చూడు, ఇంకా 8 పైనుంటే అప్పుడు గుర్రం సంగతి మాట్లాడదాం.

గిటార్_గుంతకల్
సందట్లో సడేమియా, మాండలిన్‌లో జంట తీగలు ట్యూనర్‌తో కలిపినా జంటలో ఒకటి కొట్టుకుంటాంది. ఎట్ల?

ఫిడేలు_ప్రొద్దుటూరు
జంటలో ఒకదాన్ని వేలితో ఆపి రెండోదాన్ని ట్యూనర్‌తో సున్నాకు తీసుకురా. తర్వాత ట్యూనర్ చూడొద్దు, రెండూ కలిపి మీటి అల ఆగేదాకా మొదటిదాన్ని తిప్పు. ‘ఏ’ స్వరం (440) తీగల జంటలో ఒక సెంటు తేడా ఉన్నా నాలుగు సెకన్లకొక అల వస్తాది, చవక ట్యూనర్‌లో పచ్చలైటు అంతకంటే వెడల్పు.